మాంచెస్టర్: పత్తి కట్టిన షెహర్‌లో మొహల్లా మొహల్లా

మాంచెస్టర్ అనగానే మన ఇళ్లలో పిల్లలకు గుర్తొచ్చేది ఫుట్‌బాల్. ఒకడిది ఎర్ర జెర్సీ, ఇంకొకడిది నీలం జెర్సీ, ఇద్దరికీ దస్తర్‌ఖాన్ దగ్గరే జంగ్. అమ్మీ అబ్బాలకు ఆ పేరు ఇంకో రకంగా అలవాటైంది. కొడుకో కూతురో ఎమ్మెస్సీకి అక్కడికెళ్లారు. వీడియో కాల్‌లో వాన గురించి, బస్సుల గురించి, కిరాయి గది గురించి వింటున్నారు. మన పర్‌దాదాల తరానికి మాత్రం మాంచెస్టర్ అంటే బట్ట. ఓడల్లో వచ్చి, మన ఊళ్లలో మగ్గాల చప్పుడు తగ్గించిన బట్ట.

పిల్లల్ని చూసిరావడానికి వెళ్లేవాళ్లు నన్ను అడిగే సవాల్ ఒకటే: "అక్కడ చూడటానికి ఏముంది భాయ్?" లండన్‌లో ఉన్నట్టు రాజుల మహళ్లు లేవు, నిజమే. ఈ షెహర్‌ని ఏ బాద్‌షా కట్టలేదు, పత్తి కట్టింది. 1853 నాటికి ఊళ్లోనే 108 నూలు మిల్లులు ఉండేవి. లోకం దానికి కాటనోపొలిస్ అని పేరు పెట్టింది. ఇప్పుడు చిమ్నీలు ఆరిపోయాయి, మిల్లులు ఫ్లాట్లయ్యాయి. ఆ షెహర్ తారీఖ్ చదవాలంటే మొహల్లాలు తిరగాలి.

తిరిగే తరీకా ఒకటుంది. 1842 చివర్లో ఫ్రెడరిక్ ఎంగెల్స్ అనే 22 ఏళ్ల జర్మన్ కుర్రాడు తన తండ్రికి వాటా ఉన్న కంపెనీలో పని చేయడానికి ఇక్కడికి వచ్చాడు. ఇంగ్లండ్ మజ్దూర్ల హాలత్ మీద 1845లో కితాబు అచ్చేశాడు. అందులో ఒక సంగతి పట్టుకున్నాడు. ఊరి బయటి బంగళాల నుంచి సేఠ్‌లు వ్యాపారానికి వచ్చే పెద్ద రోడ్లకు రెండు వైపులా దుకాణాల వరస ఉంటుంది. దాని వెనకే మజ్దూర్ల మురికివాడలు, కానీ బగ్గీలో పోయే సేఠ్ కంటపడవు. నేను వెళ్లినప్పుడు ఈ మాటనే నక్షాగా పెట్టుకున్నాను. ముందు పెద్ద రోడ్డు చూడటం, తర్వాత దాని వెనక గల్లీలోకి నడవడం. మీరూ అలాగే తిరగండి.

కాజిల్‌ఫీల్డ్

షురువాత్ ఇక్కడి నుంచి చేయండి. క్రీ.శ. 79 ప్రాంతంలో రోమన్లు కోట కట్టింది ఇక్కడే. కానీ అసలు షెహర్ పుట్టింది 1761లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ తెరిచాక. వర్స్‌లీ గనుల బొగ్గు పడవల్లో రావడం మొదలై, ఊళ్లో దాని ధర సగానికి పడిపోయింది. తర్వాత 1830లో లివర్‌పూల్ నుంచి రైలు వచ్చింది. రెండు షెహర్ల మధ్య టైమ్‌టేబుల్ ప్రకారం ఆవిరి ఇంజన్లతో నడిచిన మొదటి రైలుదారి అది. ఆనాటి స్టేషన్ ఇంకా నిలబడే ఉంది. సైన్స్ మ్యూజియం ఆ ప్రాంగణంలోనే ఉంది, టికెట్ లేదు.

ఆ స్టేషన్ పక్కనే సరుకు గోదాము కూడా ఉంది. లివర్‌పూల్ రేవులో దిగిన పత్తి బేళ్లు ఈ దారినే వచ్చేవి. 1860 నాటికి అందులో ముప్పాతిక వంతు అమెరికా దక్షిణ రాష్ట్రాలది. ఆ పత్తి ఏరింది గులాములుగా అమ్ముడుపోయిన ఆఫ్రికన్లు. ఈ షెహర్ దౌలత్ హిసాబ్ అక్కడ మొదలవుతుంది.

ఆంకోట్స్

ప్రపంచంలో మొదటి పారిశ్రామిక వాడ ఇదేనని చెబుతారు. 1798లో మొదలైన మర్రీ సోదరుల మిల్లులు రోచ్‌డేల్ కాలువ ఒడ్డున ఎర్ర ఇటుక గోడల్లా నిలబడి ఉన్నాయి. ఇప్పుడు వాటిలో ఖరీదైన ఫ్లాట్లు, కింద కాఫీ దుకాణాలు. గల్లీల పేర్లు చూస్తూ నడవండి. ఒకదాని పేరు బెంగాల్ స్ట్రీట్.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. మిల్లులో అన్నిటికంటే కష్టమైన పని కార్డ్‌రూమ్‌లో ఉండేది. బేళ్లు విప్పి శుభ్రం చేసిన పత్తిని మర మీద దువ్వి, పోగులన్నీ ఒక వైపుకు తెచ్చే గది అది. మన మాటలో చెప్పాలంటే దూదేకే గది. గాలి నిండా దుమ్ము. ఏళ్ల తరబడి అక్కడ పనిచేసిన వాళ్ల ఊపిరితిత్తులు పాడయ్యేవి. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ పట్టేసేది. ఆంకోట్స్ పక్కన కట్టిన ప్రభుత్వ ఇళ్లకు ఆ గది పేరే పెట్టారు, కార్డ్‌రూమ్ ఎస్టేట్ అని. ఆ ఇళ్లలో చాలావరకు కూల్చి కొత్తవి కట్టారు. ఇప్పుడు ఆ వాడ పేరు న్యూ ఇస్లింగ్టన్. కాలువ పక్కన పార్కు కూడా ఉంది.

మన దగ్గర ఈ పనే చేసినవాళ్లు దూదేకులవాళ్లు, నూర్‌బాషాలు. చలికాలానికి ముందు భుజాన విల్లు వేసుకుని మొహల్లాకు వచ్చేవాళ్లు. విల్లు మోగితే పాత రజాయిలో గట్టిపడ్డ దూది మళ్లీ విచ్చుకునేది. ఇంట్లో తెలుగు మాట్లాడతారని ఉర్దూ ఇళ్లు వాళ్లను తక్కువ చూశాయి. పింజారీ అన్న వాళ్ల పని పేరు తెలుగులో తిట్టయిపోయింది. అక్కడ మజ్దూర్ల గది పేరు బోర్డు మీంచి పోయింది. ఇక్కడ పేరు ఉంది గానీ దాని ఇజ్జత్ పోయింది. మన పిల్లల నోట ఆ మాట తిట్టుగా వినిపిస్తే ఆంకోట్స్ కథ చెప్పండి.

సిటీ సెంటర్

రాయల్ ఎక్స్‌చేంజ్‌లోకి వెళ్లి తల పైకెత్తి చూడండి. పత్తి, నూలు బేరాలు ఆడిన ఆ పెద్ద హాల్లో ఆఖరి రోజు ధరల బోర్డు ఇంకా అలాగే ఉంది. 1968లో వ్యాపారం ఆగిపోయింది. 1976 నుంచి ఆ హాల్లో నాటకాలు ఆడుతున్నారు.

అక్కడి నుంచి పది నిమిషాల నడకలో సెయింట్ పీటర్స్ ఫీల్డ్. ఇప్పుడు మైదానం లేదు. 1819 ఆగస్టు 16న ఓటు హక్కు కోసం దాదాపు 60,000 మంది ఇక్కడ జమ అయ్యారు. వాళ్లలో చేమగ్గం నేతగాళ్లు చాలామంది. పిల్లాపాపలతో వచ్చారు. మేజిస్ట్రేట్ల హుకుమ్‌తో గుర్రపు దళాలు కత్తులు దూసి మీదపడ్డాయి. 18 మంది చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో రెండేళ్ల పసివాడు ఉన్నాడు. వాటర్లూ యుద్ధాన్ని వెక్కిరిస్తూ దానికి పీటర్లూ అని పేరొచ్చింది. సరిగ్గా వందేళ్లకు, 1919లో, మన జలియన్‌వాలా బాగ్. తన మజ్దూర్ల మీద కత్తి దూసిన సర్కారే మన మీద తుపాకీ పేల్చింది.

బ్రేజ్‌నోజ్ స్ట్రీట్ దగ్గర అబ్రహాం లింకన్ విగ్రహం కనిపిస్తుంది. అమెరికా వాడికి ఇక్కడేం పని? అంతర్యుద్ధంలో దక్షిణాది రేవులను లింకన్ నౌకాదళం దిగ్బంధించింది. పత్తి రాక మిల్లులు మూతపడి లాంకషైర్ ఆకలితో అల్లాడింది. అయినా 1862 ఆఖరి రోజున మాంచెస్టర్ మజ్దూర్లు ఫ్రీ ట్రేడ్ హాల్లో సభ పెట్టి, గులామీ పోవాలని లింకన్‌కు ఖత్ రాశారు. లింకన్ 1863 జనవరిలో జవాబిచ్చాడు. లాంకషైర్‌లో అందరిదీ అదే మాట కాదు. కానీ సొంత పొయ్యి ఆరినా ఎవరి మెహనత్ మీద తాము బతుకుతున్నారో గుర్తించినవాళ్లు ఈ షెహర్‌లో ఉన్నారు. ఆ కరువు రోజుల్లో మిల్లులు హిందుస్తాన్ పత్తి మీద ఆధారపడ్డాయి. 1853లో నిజాం నుంచి కంపెనీ తన చేతిలోకి తీసుకున్న బేరార్ నల్లరేగడి పత్తి నేల ఎంత విలువైనదో అప్పుడు తెలిసింది.

విట్‌వర్త్ స్ట్రీట్

ఇక్కడి గోదాములు మహళ్లకు తీసిపోవు. 1906లో కట్టిన ఒకదాని పేరు ఇండియా హౌస్. దగ్గర్లోనే ఇంకొకటి ఏషియా హౌస్. బట్ట మడతలు పెట్టి, బేళ్లు కట్టి, ఓడలకు పంపింది ఇలాంటి చోట్ల నుంచే. 1913లో ఇంగ్లండ్ దాదాపు 700 కోట్ల గజాల నూలు బట్ట ఎగుమతి చేస్తే అందులో 300 కోట్లకు పైగా హిందుస్తాన్‌కే వచ్చింది.

ఇది మొదట ఉల్టాగా ఉండేది. గోల్కొండ సుల్తానుల కాలంలో, 1611లో, ఇంగ్లీషు కంపెనీవాళ్లు మచిలీపట్నంలో కోఠీ తెరిచింది మన బట్ట కొనుక్కోవడానికే. కలంకారీ ఇరాన్‌కూ పోయేది, లండన్ ఇళ్లలోకీ పోయేది. మన ఛీంట్ అన్న మాటే వాళ్ల చింట్జ్ అయింది. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గోల చేస్తే 1700లో ఒకటి, 1721లో ఒకటి చట్టాలు తెచ్చి మన అద్దకం బట్టను ఆపారు. ఆ అడ్డుగోడ చాటున లాంకషైర్ నూలు పని పెరిగింది. తర్వాత మరలొచ్చాయి, రాజ్యం వచ్చింది, బజారు మనదే అయింది. ఇండియా హౌస్ ముందు ఫొటో దిగేటప్పుడు పిల్లలకు మచిలీపట్నం పేరు చెప్పండి.

ఈ గోదాముల చుట్టూ ముస్లిం తాజిర్లు కూడా ఉండేవాళ్లు. మొరాకో ఫెజ్ షెహర్ వ్యాపారులు 19వ శతాబ్దంలోనే ఇక్కడ కాపురాలు పెట్టి బట్ట కొని పంపారు. సిరియా వ్యాపారులూ వచ్చారు. డీన్స్‌గేట్‌లోని జాన్ రైలాండ్స్ లైబ్రరీని ఒక బట్టల సేఠ్ బేవా ఆయన యాద్‌లో కట్టించి 1900లో తెరిచింది. అందులో అరబీ, ఫార్సీ రాతప్రతుల గొప్ప ఖజానా ఉంది. టికెట్ లేదు, తప్పకుండా వెళ్లండి.

చీథమ్ హిల్

ఉత్తరాన ఉన్న ఈ మొహల్లాకు తూర్పు యూరప్ నుంచి జుల్మ్ తప్పించుకుని యూదులు వచ్చారు. చిన్న చిన్న కార్ఖానాల్లో కోట్లు, టోపీలు కుట్టారు. 1874 నాటి సినగాగ్ ఇప్పుడు యూదుల మ్యూజియం. వాళ్లు వదిలి వెళ్లిన దారిలో ఇప్పుడు టోకు బట్టల వ్యాపారంలో మన ఉపఖండం వాళ్లున్నారు. మనుషులు మారారు, కుట్టుమిషన్ రోజీ మారలేదు.

రషోమ్, విక్టోరియా పార్క్

యూనివర్సిటీ దాటి దక్షిణానికి వెళ్తే విల్మ్‌స్లో రోడ్, అదే కర్రీ మైల్. కబాబ్ పొగ, మిఠాయి దుకాణాలు, రంజాన్ రాత్రుల రద్దీ. ఇది పెద్ద రోడ్డు. దీని వెనక ఉన్నది రాత్రి షిఫ్టు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత మిల్లు మాలిక్‌లు ఖరీదైన కొత్త మరలు కొన్నారు. డబ్బు రాబట్టాలంటే మర 24 గంటలూ తిరగాలి. ఆడవాళ్లతో రాత్రి పని చేయించకూడదని చట్టం. గోరా మగవాళ్లు ఆ జీతానికి రారు. అప్పుడు మీర్‌పూర్, పంజాబ్, సిల్హెట్, గుజరాత్ నుంచి మగవాళ్లు వచ్చారు. 1960లలో మంగ్లా డ్యామ్ కింద ఊళ్లు మునిగి లక్ష మందికి పైగా హిజ్రత్ చేస్తే, వాళ్లలో చాలామంది ఇంగ్లండ్ చేరారు. ఓల్డ్‌హామ్, రోచ్‌డేల్, బోల్టన్ మిల్లుల్లో రాత్రంతా నిలబడి చచ్చిపోతున్న పరిశ్రమను ఇంకో ఇరవై ఏళ్లు బతికించింది వీళ్లే. 1970లు, 80లలో మిల్లులు మూతపడితే టాక్సీలు, టేక్‌అవేలు పట్టుకున్నారు.

దగ్గర్లోనే విక్టోరియా పార్క్. ఒకప్పుడు గేట్లు వేసుకుని సేఠ్‌లు మాత్రమే ఉన్న బంగళాల వాడ. ఇప్పుడు అక్కడ జామియా మసీదు ఉంది, జుమాకు వీధి నిండిపోతుంది. ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీది మాంచెస్టర్ మ్యూజియంలో 2023లో సౌత్ ఏషియా గ్యాలరీ తెరిచారు. మన కథ షెహర్ పెద్ద రోడ్డు మీదికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

సాల్ఫర్డ్

ఇర్వెల్ నది దాటితే సాల్ఫర్డ్, లెక్కకు వేరే షెహర్. సముద్రం లేని ఊరికి ఓడలు తేవడానికి 58 కిలోమీటర్ల కాలువ తవ్వి 1894లో తెరిచారు. 1982లో రేవు మూసేశారు, వేలమంది రోజీ పోయింది. ఇప్పుడు ఆ నీళ్ల పక్కన బీబీసీ ఆఫీసులు, యుద్ధ మ్యూజియం, అద్దాల మేడలు. ట్రామ్ ఎక్కితే నేరుగా దిగొచ్చు.

పిల్లల జిద్ద్ తీర్చాలంటే స్టేడియాలూ చూపించండి. నీలం జెర్సీవాళ్ల స్టేడియం 1968లో మూతపడ్డ బొగ్గుగని జాగాలో ఉంది. ఎర్ర జెర్సీ క్లబ్బును 1878లో మొదలుపెట్టింది రైల్వే మజ్దూర్లు. అవీ ఈ కథలో భాగమే.

అక్కడ చదివే మన పిల్లలు మేం పరాయివాళ్లం, మెహమాన్లం అన్నట్టు తలవంచుకుని నడుస్తుంటారు. చదువుతో పాటు ఈ హిసాబ్ కూడా వాళ్లకు తెలియాలి. మచిలీపట్నం అద్దకం, బేరార్ పత్తి, మీర్‌పూర్ రాత్రి షిఫ్టు ఆ ఇటుకల్లో ఉన్నాయి. రషోమ్‌లో టాక్సీ ఎక్కితే డ్రైవర్ భాయ్‌ని సలాం చేసి అడగండి, మీ అబ్బా ఏ మిల్లులో చేశారని. గైడు పుస్తకాల్లో లేని మాంచెస్టర్ గురించి ఆయన దిగేదాకా చెబుతూనే ఉంటాడు.