లేబిల్ మీది పేరు

మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టె ఉండేది. దాదా కొన్న గ్రామఫోన్ రికార్డులు అందులో ఉండేవి. పడుకోబెడితే వంగిపోతాయని అబ్బా వాటిని అట్టల్లో నిలబెట్టి దాచేవారు. లక్కతో చేసిన 78 రికార్డు చేయి జారితే పెంకులా పగులుతుంది. ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. ఉక్కు సూది ఒకటి రెండు వైపులు తిరిగేసరికి అరిగిపోతుంది. అరిగిన సూదితోనే మళ్లీ వేస్తే గాడి పాడైపోతుంది. మా ఇంట్లో పాట మీదకంటే సూది మీదే తగాదాలెక్కువ.

"మీ మతంలో సంగీతం హరామట గదా, మరి ఇవన్నీ ఏంటి?" అని బయటివాళ్లు అడిగారు. మా వాళ్లలోనూ కొందరు అదే మాట అన్నారు, కాకపోతే కోపంగా అన్నారు. ఇద్దరూ పెట్టె తెరిచి చూడలేదు. పెట్టె నిండా మా చరిత్రే ఉంది.

1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు రికార్డయింది. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో ప్రకటించేది. అచ్చు వేయడానికి రికార్డులు జర్మనీలోని హానోవర్‌కు వెళ్లేవి. అక్కడివాళ్లకు పాడిందెవరో తెలియాలి గదా! ఆమె పుట్టింది ఆర్మేనియన్ కుటుంబంలో, పుట్టినప్పటి పేరు ఏంజెలీనా. తల్లి ఇస్లాం తీసుకుని మల్కా జాన్ అయింది, కూతురు గౌహర్ అయింది. ఈ దేశపు గొంతు రికార్డుకెక్కిన తొలి రోజుల్లోనే మా పేరు వినిపించింది.

అన్ని పేర్లకూ ఆ అదృష్టం దక్కలేదు. బెంగాల్‌లో కె. మల్లిక్ పేరుతో శ్యామాసంగీతం రికార్డులు ఇంటింటా మోగాయి. కాళీమాతను కొలిచే ఆ పాటలు పాడినాయన అసలు పేరు మున్షీ మహమ్మద్ కాసెం. గొంతు కావాలి, పేరు మాత్రం వద్దు. ఈ లెక్క మాకు కొత్తది కాదు. అద్దె ఇంటి కోసం తిరిగిన ప్రతి ముస్లింకీ ఇది తెలుసు.

తెలుగు మాది కాదనేవాళ్లకు ఇంకో రికార్డు ఉంది. 1937లో కన్నుమూసిన కిరానా ఘరానా ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ ఖరహరప్రియలో త్యాగరాజ కృతి పాడి రికార్డిచ్చారు. అవి తెలుగు మాటలు, గొంతు ఉస్తాద్‌ది. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా అయితే ఏ ముసుగు పేరూ పెట్టుకోలేదు. గుడి ముందు నాదస్వరం ఊది, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. 1999లో వెళ్లిపోయారు.

రేడియో కథ వేరు. 1952లో కేంద్రమంత్రి కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. ముస్లిం గాయకుల చేతుల్లో హిందుస్తానీ సంగీతం దిగజారిందన్నది ఆయన అభిప్రాయం. శ్రోతలు మాత్రం ముల్లు తిప్పి సిలోన్ పట్టారు. మా ఇంటి పెద్దలూ అంతే. డాబా మీద తీగ కట్టి, గరగర మధ్య పాట వెతుక్కుని, అమీన్ సయానీ గొంతు కోసం బుధవారం రాత్రి పనులు ముందే ముగించుకునేవాళ్లట. చివరికి 1957లో ఆకాశవాణే వివిధభారతి తెచ్చింది.

1980లలో మా వీధికి గల్ఫ్ నుంచి టూ-ఇన్-వన్‌లు వచ్చాయి. టేపు చుట్టుకుపోతే పెన్సిల్ పెట్టి తిప్పేవాళ్లం. దొంగ క్యాసెట్లలో బుసబుస తప్ప సారంగి వినపడేది కాదని అబ్బా విసుక్కునేవారు. ఆ రోజుల్లోనే మెహదీ హసన్ గజల్ పెడితే పక్కింటాయన "పాకిస్తాన్ పాటలా?" అన్నాడు. మెహదీ హసన్ పుట్టింది రాజస్థాన్‌లోని లూణా గ్రామంలో. బడే గులాం అలీ ఖాన్ పుట్టింది కసూర్‌లో. అది దేశవిభజనతో పాకిస్తాన్‌కు పోయింది. ఆయన మాత్రం భారత పౌరసత్వం తీసుకుని, 1968లో హైదరాబాదులో కన్నుమూసి, దాయరా మీర్ మోమిన్‌లో నిద్రపోతున్నారు. ఇప్పుడు ఎవరి పాట ఏ దేశానిది? అబ్బా ఆ రోజు జవాబు చెప్పలేదు. శబ్దం తగ్గించారు. ఆ తగ్గించడమే మమ్మల్ని ఇన్నాళ్లూ బాధించింది.

ఇవాళ ఆ పాటలన్నీ ఫోన్‌లో దొరుకుతున్నాయి. గరగర లేదు, సూది ఖర్చు లేదు. కానీ చాలాచోట్ల పాడినవాళ్ల పేరు ఉండదు, ఉన్నా తప్పుగా ఉంటుంది. రికార్డుల పిచ్చి ఉన్నవాళ్లందరి ఫిర్యాదు ఇదే. మాకిది మరీ దగ్గరి ఫిర్యాదు. పేరు పోతే పాట ఉంటుంది, పాడినవాళ్లు మాత్రం ఈ నేల మీద లేనట్టే అవుతుంది.

అందుకే ట్రంకుపెట్టె మా పిల్లలకు అప్పగిస్తున్నాం. నాతులూ, త్యాగరాజ కృతీ, ఠుమ్రీలూ ఒకే పెట్టెలో ఉన్నాయి. వాటిలో ఏది మాది, ఏది కాదు అని ఏరి పెట్టే పని మేం చెయ్యం. లేబిళ్లు చిరిగిన చోట కాగితం అంటించి, పాడినవాళ్ల అసలు పేర్లు రాసి పెట్టాం. శబ్దం మాత్రం ఇక తగ్గించం.