ఉద్దీపన: వెన్నెల నుంచి బడ్జెట్ దాకా

అలంకారశాస్త్రంలో వెన్నెల, పిల్లగాలి ఉద్దీపన విభావాలు. నాయికానాయకుల్లో రతిభావాన్ని రగిలిస్తాయి. ఆ మాటకే పత్రికలు ‘ప్యాకేజీ’ తగిలించి వ్యాపార పేజీకి ఎక్కించాయి. దాని ఇంగ్లిష్ జోడీ ‘స్టిములస్’ది మోటు పుట్టుక: లాటిన్‌లో పశువుల్ని పొడిచి తోలే ములుకోల.

2009 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ఒబామా 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన చట్టంపై సంతకం చేశారు. ప్రతినిధుల సభలో రిపబ్లికన్ ఓటు ఒక్కటీ పడలేదు. ఆ డబ్బుతో చేపట్టిన రోడ్డు పనుల దగ్గర పాతిన పథకం బోర్డులు కూడా దుబారా అంటూ రచ్చకెక్కాయి.

2020 మేలో మోదీ ప్రకటించిన 20 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీకీ మన పత్రికల్లో ‘ఉద్దీపన’ అనే పేరే. రిజర్వు బ్యాంకు అంతకుముందే తీసుకున్న చర్యలు, రుణ హామీలు ఆ లెక్కలోనే ఉన్నాయి. ఈసారి ‘ఉద్దీపన’ కనిపిస్తే, ఖజానా ఖర్చు పెట్టేదెంతో, అప్పుగా ఇప్పించేదెంతో విడదీసి చూడండి.