తలనూనె కథ

నూనె అను మాటను విడదీసి చూచినచో అందు నువ్వే కనిపించును. నువ్వు నుండి తీసిన నెయ్యి కనుక అది నూనె. తమిళమున ఎళ్ అనగా నువ్వు. దానికి నెయ్ చేరి ఎణ్ణెయ్ అయినది. సంస్కృతమున తిలము నుండి పుట్టినది తైలము. తరువాత కొబ్బరి నుండి తీసినదానికిని, వేరుసెనగ నుండి తీసినదానికిని, చివరకు తెలంగాణ పల్లెలలో గ్యాసునూనె అని పిలుచు కిరసనాయిలుకును ఈ పేరే అంటుకొన్నది. మంచినూనె అన్న పేరు కూడ మొదట నువ్వులనూనెదే. హరప్పా త్రవ్వకములలో మాడిన నువ్వుగింజలు దొరకినవి. వాని వయస్సు నాలుగువేల ఏండ్లకు పైమాట.

ఈ నూనె తలకెక్కుట కూడ ప్రాచీనమే. చరకసంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయమున, నిత్యము తలకు నూనె పెట్టుకొనువానికి తలనొప్పి రాదనియు, బట్టతల, నెరపు కలుగవనియు, వెండ్రుకలు నల్లగా, పొడవుగా, గట్టి కుదుళ్ళతో ఉండుననియు చెప్పబడినది. అదే గ్రంథము చెట్టుచేమల నుండి లభించు స్నేహద్రవ్యములలో నువ్వులనూనెకు అగ్రస్థానమిచ్చినది. ఇందులో బట్టతల మాట నేటి శాస్త్రమునకు నిలువదు. అది చాలవరకు వంశపారంపర్యముగాను, హార్మోనుల వలనను కలుగునది. ఏ నూనెయు దానిని ఆపజాలదు. కాని నూనె వలన వెండ్రుక మెత్తబడునన్న అనుభవము వట్టి నమ్మకము కాదు.

గోదావరికి దక్షిణమున ఉన్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతములు నువ్వు సాగునకు పేరుపడినవి. పూర్వము ఇవి, మానేటి ఒడ్డునున్న సిరిసిల్లతో సహా, కరీంనగరం జిల్లాలోనివి. 2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలైనవి. సుమారు మూడు నెలలలో చేతికివచ్చు పంట అగుటచేత, వరి కోసిన పొలములో వేసవి పైరుగా నువ్వును చల్లుదురు. జగిత్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము నుండి శ్వేత తిల్, హిమ, జగిత్యాల తిల్-1 మున్నగు తెల్లనువ్వు రకములు వెలువడినవి. గింజ బరువులో దాదాపు సగము నూనెయే.

ఆ నూనెను తీయుట గాండ్లవారి వృత్తి. చెక్కతోనో రాతితోనో చేసిన పెద్ద రోలు, అందులో వాలుగా నిలిచి తిరుగు రోకలి, కండ్లకు గంతలు కట్టుకొని దానిని త్రిప్పు ఎద్దు: ఇదే గానుగ. ఈ వృత్తివారినే కోస్తాలో తెలికలందురు. నువ్వుల చెక్కకు తెలికపిండి అను పేరు వారి వలన వచ్చినదే. వీరు సామాన్యులు కారు. 11వ శతాబ్ది చివర వేయబడిన టేకి తామ్రశాసనము తెలికి వంశీయులకు రాజు ఇచ్చిన గౌరవమర్యాదలను పేర్కొన్నది. కాకతీయుల కాలమున గానుగలపై పన్ను ఉండెను. పన్ను పడినదనగా రాబడి ఉన్నదనియే కదా!

సిరిసిల్ల నేతవారికి నూనె గుణము మరొక దారిని తెలియును. చేమగ్గముపై పడుగు నేయుటకు ముందు నూలుకు గంజి పెట్టి, కుంచెతో దువ్వి, కొంచెము నూనె అంటించుట పాత పద్ధతి. వట్టి గంజితో పోగు పెళుసెక్కి తెగును. నూనె తగిలినచో పోగు పోగుతో ఒరసికొన్నను జారిపోవును. నేడు సిరిసిల్లలో చేమగ్గములకన్న సాంచాలే ఎక్కువ; వానిపై పాలియెస్టరు నూలు కూడ విరివిగా నడచును. కాని వెండ్రుక విషయమున పాత సూత్రమే నేటికిని వర్తించును.

వెండ్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. దాని పైభాగమున ఇంటిపెంకులవలె ఒకదానిపై నొకటి కప్పిన పొలుసులుండును. ఆ పొలుసులపై 18-మిథైల్ ఐకోసనోయిక్ ఆమ్లము అను కొవ్వు పలుచని పొరగా అంటియుండి నీటిని విదల్చును. ఎండ, రంగులు, గాఢమైన సబ్బులు ఆ పొరను చెరచును. అప్పుడు వెండ్రుక నీటిని త్వరగా పీల్చి ఉబ్బును, ఆరగానే ముడుచుకొనును. ఇట్లు పలుమార్లు ఉబ్బి ముడుచుకొనుటచే పొలుసులు లేచి, దువ్వెనకు చిక్కి విరుగును. నూనె వెండ్రుకకు తడినిచ్చునని పలువురు తలంతురు. నూనెలో నీరే లేదు. ఇక ఎక్కడనుండి ఇచ్చును? అది చేయు పని రాపిడిని తగ్గించుట, నీటి రాకపోకలను మందగింపజేయుట.

అన్ని నూనెలు ఈ పనిని ఒకే రీతిని చేయవు. 2003లో రేలే, మోహిలే అను భారతీయ పరిశోధకులు కొబ్బరి, పొద్దుతిరుగుడు, ఖనిజ నూనెలను పోల్చి చూచిరి. తలంటుకు ముందు రాసినను, తరువాత రాసినను వెండ్రుకనుండి మాంసకృత్తు నష్టమును తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటే. అందులో సగమునకు దగ్గరగా ఉండు లారిక్ ఆమ్లపు అణువు చిన్నది, తిన్ననిది. కనుక లోనికి చొరగలదు. నువ్వులనూనెలో ఓలియిక్, లినోలియిక్ ఆమ్లములు ముఖ్యము. వాని అణువులు పెద్దవి, వంకరవి. కనుక అది ఎక్కువగా పైననే పొరగా నిలుచును. అయితే సెసమోల్ వంటి ద్రవ్యముల వలన అది త్వరగా కంపుపట్టదు. గింజలను వేయించి, దంచి, నీటిలో ఉడికించి తీసిన వంటాముదము మరీ చిక్కన. దానిని దట్టముగా పట్టించి తలంటుకొన్న తరువాత జడ విడదీయరాని ముద్దయైన సంఘటన 2017లో వైద్యపత్రికకెక్కినది.

నూనె పట్టించి, కొంతసేపు నాననిచ్చి, పిదప కుంకుడురసముతో తలంటుట మన పెద్దల వరుస. కుంకుడులోని సాపోనిన్లు జిడ్డును తొలగించుటలో గట్టివి. ముందుగా నూనె లేనిచో అవి వెండ్రుక సహజపు జిడ్డునే ఊడ్చుకొనిపోవును.

కొబ్బరినూనె జగిత్యాల సీమ పంట కాదు. అది డబ్బాలలో, సీసాలలో దూరమునుండి వచ్చి నువ్వులనూనెను తలమీదినుండి దింపినది. వాసన నూనెలు పెక్కింటిలో పెట్రోలియమునుండి తీసిన ద్రవ పారఫిను చేరినది. యంత్రపు మిల్లులు వచ్చుటతో ఎద్దుగానుగలు మూలబడి, గాండ్లవారు పలువురు ఇతర పనులకు మరలిరి. ఇటీవల తెలంగాణ పట్టణములలో చెక్కగానుగ నూనె అను పలకలు మరల కనిపించుచున్నవి. వానిలో చాలవరకు ఎద్దుకు బదులు విద్యుత్ మోటారు తిరుగును. రోలు, రోకలి మాత్రము పాత తీరువే. సుమారు రెండున్నర కిలోల నువ్వులు పోసినగాని కిలో నూనె దిగదు.