దాచుకున్న పుట

పత్రికలు ఎవరు పెట్టారు, పుస్తకాలు ఎవరు వేశారు, ఏ ప్రభుత్వం వేటిని నిషేధించింది అన్న విషయాలను అచ్చు చరిత్రకారులు వివరంగానే రాశారు. అచ్చయిన దాన్ని ఎవరు దాచారు అన్న ప్రశ్నకు మాత్రం ఆ చరిత్రల్లో చోటు తక్కువ. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిందని మనందరికీ తెలుసు. ఆ నిషేధం అచ్చాఫీసుకూ, పుస్తకాల దుకాణానికీ తగిలింది. కాని అప్పటికే పాఠకుడి ఇంటికి చేరిన ప్రతి నిషేధపుటుత్తరువు వెలువడినంత మాత్రాన మాయమైపోదు. పోలీసు రావాలి, వెతకాలి, పట్టుకుపోవాలి. అంటే అచ్చు పుస్తకం మీద పాఠకుడికి ఒక స్వాధీనం ఉండేది. చట్టం ఇచ్చిందని కాదు. వస్తువు తన చేతిలో ఉంది గనుక ఉండేది.

వెబ్ పేజీ వచ్చాక ఈ స్వాధీనం తారుమారయింది. పేజీ ఉండేది పాఠకుడి దగ్గర కాదు, ఎక్కడో ఉన్న సర్వర్‌లో. ఆ సర్వర్ యజమాని దాన్ని మార్చవచ్చు, తీసేయవచ్చు, తలుపు మూసేయవచ్చు. నిన్న చదివిన వ్యాసం ఇవాళ లేకపోతే అడిగే దిక్కు లేదు. ఇంటర్నెట్ లేని వేళ చదువుకోవడానికి పేజీని దాచుకోవడం అన్నది పైకి చిన్న సాంకేతిక సౌకర్యంలాగే కనబడుతుంది. దాని చరిత్రను పరిశీలిస్తే, పోయిన స్వాధీనాన్ని తిరిగి సంపాదించుకునేందుకు పాఠకులు చేస్తున్న పోరాట చరిత్ర అదేనని తేలుతుంది.

ముందుగా ఒక భౌతిక వాస్తవాన్ని గుర్తించాలి. మనం తెర మీద ఒక పేజీని చదువుతున్నామంటే, అప్పటికే దాని ప్రతి మన యంత్రంలోకి వచ్చిందన్నమాట. దూరాన ఉన్న సర్వర్‌ను ఎవరూ నేరుగా చదవలేరు; నకలు తెచ్చుకునే చదవాలి. ప్రతి పఠనమూ ఒక నకలే. చదవడం అయ్యాక బ్రౌజర్ ఆ నకలును ఇవాళో రేపో తుడిచేస్తుంది. దాచుకోవడమంటే దొంగతనంగా కొత్తది తెచ్చుకోవడం కాదు, వచ్చిన దాన్ని తుడిచేయడానికి ఒప్పుకోకపోవడం. ఈ మాట మరచిపోతే తర్వాతి చరిత్ర అంతా తలకిందులుగా కనబడుతుంది.

టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో వెబ్‌ను ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏ రుసుమూ లేకుండా ప్రజలపరం చేసింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవలు మొదలుపెట్టింది. టెలిఫోను తీగ మీద నడిచే ఆ రోజుల్లో కనెక్షన్‌కు గంటల లెక్క, దాని మీద ఫోను బిల్లు. చదువుతూ కూర్చుంటే మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందువల్ల పేజీలు తెచ్చుకుని, కనెక్షన్ తెంచేసి, తీరుబడిగా చదువుకోవడం మధ్యతరగతి పాఠకుడికి అలవాటయింది. అప్పటి బ్రౌజర్లలో ‘ఆఫ్‌లైన్‌లో పనిచేయి’ అన్న ఆదేశం ఒకటి ఉండేది. కనెక్షన్ లేకుండా ఉండడం అప్పటికింకా లోపం కాదు, మామూలు స్థితి.

ఆ అవసరంలోంచే పనిముట్లు పుట్టాయి. క్రొయేషియాకు చెందిన హ్రవోయె నిక్షిచ్ 1996లో తొలి రూపం విడుదల చేసిన ‘డబ్ల్యూగెట్’, ఒక పేజీని తెచ్చి, అందులోని లంకెలను పట్టుకుని మిగతా పేజీలను కూడా తేగలిగింది. 1998లో వచ్చిన ‘హెచ్‌టీట్రాక్’ ఒక సైటునంతా తెచ్చి, దాని లంకెలను మన యంత్రంలోని నకళ్ల వైపు తిప్పింది. ఇవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఎవరికైనా అందాయి. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయిదో కూర్పు పేజీని బొమ్మలతో సహా ఒకే ఫైలుగా దాచే వీలు కల్పించింది. కంపెనీ కూడా పాఠకుల అవసరానికి తలవంచక తప్పని కాలం అది.

ఆ తర్వాత పరిస్థితి మారింది. కనెక్షన్ వేగం పెరిగి, మీటరు భయం తగ్గింది. సౌకర్యంతోపాటే ఒక కొత్త ఆధారపడటం కూడా వచ్చింది. వెబ్ మీద పెట్టిన పెట్టుబడికి ప్రధాన రాబడి వ్యాపార ప్రకటన. ప్రకటనకు కావలసింది పాఠకుడు మళ్లీ మళ్లీ వచ్చి, ప్రతిసారీ లెక్కకు అందడం. దాచుకున్న పుట ఈ లెక్కకు అందదు. దాన్ని ఎన్నిసార్లు చదివినా, ఎందరికి ఇచ్చినా యజమానికి తెలియదు. పేజీ క్రమంగా రాతప్రతి స్వభావం పోగొట్టుకుని, క్షణక్షణం సర్వర్‌ను అడిగి ముక్కలు తెచ్చుకునే యంత్రంగా మారింది. అలాంటి పేజీని దాచుకుని తెరిస్తే చాలాసార్లు ఖాళీ చట్రమే మిగులుతుంది. ఇది ఎవరో కుట్ర చేసినందువల్ల కాదు. రాబడి ఎక్కడుంటే నిర్మాణం అటు ఒరుగుతుంది.

ఈ దశలో దాచుకోవడం కూడా ఒక సేవగా అమ్మకానికి వచ్చింది. 2007లో ‘రీడ్ ఇట్ లేటర్’, 2008లో ‘ఇన్‌స్టాపేపర్’ వచ్చాయి. మొదటిది 2012లో ‘పాకెట్’గా పేరు మార్చుకుంది, 2017లో మొజిల్లా చేతిలోకి వెళ్లింది, 2025 జులై 8న మూతపడింది. ఏళ్ల తరబడి అందులో వ్యాసాలు పేర్చుకున్న పాఠకులు తమ జాబితాలను గడువులోగా దింపుకోవలసి వచ్చింది. ఇందులో గుణపాఠం స్పష్టమే. మన గింజలు మరొకరి గాదెలో పోసి, దాచుకున్నామనుకోవడం భ్రమ.

అంతకు ముందే ఇంకా పెద్ద గాదె ఒకటి తగలబడింది. 1994లో మొదలైన ‘జియోసిటీస్’లో మామూలు జనం, అంటే విద్యార్థులు, గృహిణులు, ఉద్యోగులు, తమ సొంత పేజీలు రాసుకున్నారు. యాహూ 1999లో దాన్ని కొన్నది, 2009 అక్టోబరులో అమెరికాలో మూసేసింది. కోట్ల కొద్దీ పేజీలు పోయే స్థితి వచ్చింది. అప్పుడు ‘ఆర్కైవ్ టీమ్’ అనే స్వచ్ఛంద బృందం, మరికొందరూ రాత్రింబవళ్లు పనిచేసి వాటిలో చేతికందినంత భాగాన్ని నకలు చేశారు. కొన్న కంపెనీకి ఆ రాతలు నష్టం తెచ్చే ఆస్తి. దాచినవారికి అవి ఒక తరం సామాన్యుల రాత. విలువ ఒకే వస్తువులో ఉన్నా, ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్న దాన్ని బట్టి అది తేలుతుంది.

ఇక కనెక్షనే లేనివారి సంగతి. వారి చరిత్రలోనే ఈ విషయపు అసలు సారం ఉంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన ‘ఈగ్రానరీ’ పథకం, యజమానుల అనుమతితో వేల సైట్లను హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి ఆఫ్రికా విశ్వవిద్యాలయాలకు పంపింది. ఆ పేరుకు అర్థం కూడా గాదె అనే. అయితే ఈ గాదె విద్యార్థి కాలేజీలోనే ఉంటుంది. 2007లో ఎమాన్యుయెల్ ఎంగెల్‌హార్ట్, రెనో గొదాఁ ప్రారంభించిన ‘కివిక్స్’ వికీపీడియానంతా ఒకే ఫైలుగా మలిచింది. ఇంగ్లీషు వికీపీడియా మొత్తం బొమ్మలతో సహా 100 గిగాబైట్ల పైచిలుకు. చేతిలో పట్టే చిన్న డ్రైవులో ఇముడుతుంది. దాన్ని ఒక బడికో జైలుకో ఓడకో చేర్చితే చాలు, ఆ తర్వాత ఏ తీగా అక్కరలేదు.

క్యూబా అనుభవం మరింత సంక్లిష్టమైనది. అక్కడ ‘పాకెతె సెమనాల్’, అంటే ‘వారపు మూట’ అనే వ్యవస్థ జనంలోంచే పుట్టింది. వారం వారం సుమారు ఒక టెరాబైటు సరుకు, అంటే సినిమాలు, సీరియళ్లు, పత్రికలు, సాఫ్ట్‌వేర్, దాచిన వెబ్ పేజీలు, హార్డ్ డిస్కుల మీద ఇంటింటికీ చేరేది. ఇంటర్నెట్ మీది అమ్మకాల ప్రకటనలు కూడా మూటలో చేరి వచ్చేవి. 2015లో ప్రభుత్వం బహిరంగ స్థలాల్లో వైఫై పెట్టినప్పుడు గంటకు 2 డాలర్లకు సమానమైన రుసుము ఉండేది. సెల్‌ఫోన్లలో ఇంటర్నెట్ 2018 డిసెంబరులో గాని రాలేదు. ఈ కరవుకు అమెరికా ఆర్థిక దిగ్బంధం ఒక కారణం. అది ఒక్కటే కారణమని చెప్పి ఊరుకుంటే నిజాయితీ కాదు. పౌరుడికి ఏ మేరకు సమాచారం అందాలో తానే నిర్ణయించాలన్న అక్కడి ప్రభుత్వ వైఖరి కూడా కారణమే. మూట కట్టేవారు రాజకీయాలను దూరంగా ఉంచారు, అందుకే మూట బతికింది. కాబట్టి దాచుకున్న ప్రతి పుటా దానంతటదే స్వేచ్ఛ కాదు. ఏది దాచాలో ఎన్నుకునే చేతి వెనుక భయం కూడా ఉంటుంది.

భయం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2010–11లో ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు అమెరికాలోని ఎం.ఐ.టి. నెట్‌వర్క్ ద్వారా ‘జేస్టోర్’ భాండాగారం నుంచి సుమారు 48 లక్షల పరిశోధనా పత్రాలను దింపుకున్నాడని ప్రభుత్వం ఆరోపించింది. జేస్టోర్ అతనితో రాజీపడి దావా మానుకుంది. ప్రభుత్వం మానలేదు, నేరారోపణలను 13కు పెంచింది. 2013 జనవరి 11న, 26 ఏళ్ల వయసులో, విచారణకు ముందే అతను ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ పత్రాల్లో చాలా భాగం విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధన ఫలితం. వాటిని చదవడానికి చందా కట్టినవాడు పౌరుడు, మూటగట్టినవాడు నేరస్థుడు. గీత ఎవరు గీశారో వేరే చెప్పాలా?

రెండోది మన దేశంలోనిదే. 2019 ఆగస్టు 5 నుంచి జమ్మూ కాశ్మీరులో ఇంటర్నెట్ ఆగిపోయింది. నిరవధికంగా ఇంటర్నెట్ ఆపడం చెల్లదని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత జనవరి 25న తక్కువ వేగంతో కనెక్షన్ ఇస్తూ, 301 సైట్లను మాత్రమే చూడవచ్చన్నారు. మార్చిలో ఆ జాబితా ఎత్తేశారు గాని, పూర్తి వేగం 2021 ఫిబ్రవరి 5న గాని తిరిగి రాలేదు. మొత్తం ప్రపంచపు రాతలో ఒక ప్రాంత ప్రజలు చదవదగినవి 301 చోట్ల మాత్రమే ఉన్నాయని ఒక కార్యాలయం నిర్ణయించగలిగింది. పుస్తకాన్ని నిషేధించడానికి పేరు పెట్టి ఉత్తరువు ఇవ్వాలి. ఇక్కడ నిషేధించిన వాటికి పేర్లే అక్కరలేదు. అలాంటి నాడు పాఠకుడికి మిగిలేది తన దగ్గర ముందే దాచి ఉన్నది మాత్రమే.

తెలుగు సాహిత్యానికి దీనితో సంబంధం ఏమిటని అడిగేవారికి మన అనుభవమే జవాబు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఆ తర్వాత చాలాకాలం మన పత్రికల సైట్లు ఎవరి సొంత ఫాంటులో అవి నడిచాయి. ఆ పేజీలను దాచుకున్నవాడికి ఫాంటు పోగానే తెలుగుకు బదులు రోమన్ అక్షరాల గందరగోళం మిగిలింది. ‘పద్మ’ వంటి మార్పిడి సాధనాలు వచ్చి కొంత కాపాడాయి. దాచడం ఒక్కటే చాలదు, లిపి కూడా ఉమ్మడి సొత్తు కావాలని ఆ అనుభవం చెప్పింది. భారత డిజిటల్ గ్రంథాలయంలో వేల తెలుగు పుస్తకాల పుటల చిత్రాలు ఉండేవి. సైటు ఒక్కొక్క పుటనే చూపించేది. పాఠకులు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకుని, ఆ పుటలను తెచ్చి, కుట్టి, పుస్తకాలు చేసుకున్నారు. 2017 ప్రాంతంలో కాపీరైటు వివాదాల నడుమ ఆ సైటు మూతపడింది. ఇవాళ పాత తెలుగు పుస్తకం కోసం పరిశోధక విద్యార్థి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతుకుతున్నాడంటే, ఎవరెవరో ముందుగా దింపి దాచి, మళ్లీ అక్కడ చేర్చినందువల్లనే. ఆ ఆర్కైవ్ కూడా 2024 అక్టోబరులో సైబర్ దాడికి గురై కొన్ని రోజులు అందకుండా పోయింది. ఎంత మంచిదైనా ఒక్క గాదె చాలదు.

కొందరు మిత్రులు ఒక అభ్యంతరం చెప్పవచ్చు: అందరూ నకళ్లు దాచుకుంటే రచయిత బతుకేమిటి? అభ్యంతరం తోసిపుచ్చదగింది కాదు. కాని చదువుకోవడానికి దాచుకోవడం వేరు, మరొకరి రచనను అమ్ముకోవడం వేరు. రచయితకు ముట్టవలసింది ముట్టకుండా చేస్తున్నది ప్రధానంగా దాచుకున్న పాఠకుడు కాదు. అతని చూపును లెక్కగట్టి అమ్ముకునే వ్యవస్థ. మరో అభ్యంతరం, దాచుకున్నది దిద్దుబాట్లకు అందదని. నిజమే. అందుకే దాచిన తేదీ రాసుకోవాలి. తేదీ ఉన్న పాత ప్రతి తప్పుల కుప్ప కాదు, సాక్ష్యం. ఒక పత్రిక తన మాట ఎప్పుడు మార్చుకుందో తేల్చేది అదే.

ఈ చరిత్ర నుంచి రచయితల సంఘాలు నేర్చుకోవలసింది ఉంది. మన పత్రికలను వెబ్‌లో పెట్టి బాధ్యత తీరిందనుకుంటున్నాం. సంచికను యూనికోడ్‌లో, ఏ సర్వర్‌నూ అడగకుండా తెరుచుకునే ఒకే ఫైలుగా ఇస్తున్నామా? దాచుకోండి, పంచుకోండి అని దాని మీద రాస్తున్నామా? ప్రతి జిల్లా శాఖ దగ్గర పూర్తి ప్రతులు ఒక డిస్కులో ఉన్నాయా? ఒకప్పుడు పాఠకుడు పాత సంచికలను ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి కాపాడాడు. అతనెవరో మనకు తెలియదు, కాని మన సాహిత్య చరిత్రలో సగం అతని పెట్టెలోంచే వచ్చింది. ఆ పాఠకుడికి మళ్లీ ఒక పెట్టె ఇవ్వడం మన పని.