పామర్ కోఠీయు నుత్తరసర్కారుల పేష్కషును

పదింటిని ఋణముగా నిచ్చి పదునొకండు పుచ్చుకొనువాఁడు దశైకాదశికుఁ డనియు, వడ్డికై ధన మిచ్చువాఁడు కుసీదికుఁ డనియుఁ బాణిని యీ శబ్దములను సాధించెను. ఆ ప్రత్యయములు నిందార్థమున మాత్రమే విధింపఁబడినవి. స్మృతికారు లట్లుగాక వడ్డిని నిషేధింపక, దానికి మేర యేర్పఱిచిరి. నెలకు ఎనుబదియవ పాలు, అనఁగా సంవత్సరమునకు నూటికి 15, వసిష్ఠుఁడు విధించిన వడ్డి యని మనుస్మృతి చెప్పుచున్నది. ఆ మేరను నిలుపవలసిన ప్రభువే ఋణగ్రస్తుఁ డైనచో నేమగునో తెలిసికొనుటకు హైదరాబాదు చరిత్రమున 1814 మొదలు 1824 వఱకు జరిగిన వృత్తాంతము తగిన యుదాహరణము.

నిజాము రాజ్యమునఁ బంట చేతికి వచ్చిన పిమ్మటఁ గాని శిస్తు ఖజానాకుఁ జేరదు. సేనకు మాత్రము నెలనెలయు జీతము లీయవలెను. ఈ నడిమి కొఱఁతను బూరించువాఁడే సాహుకారు. బేగంబజారు, కార్వానులయందలి గుజరాతీ, మార్వాడీ, గోసాయి వర్తకులు జనుల ధనమును నిలువకుఁ గైకొనిరి. హుండీలు వ్రాసి దూరదేశములకు సొమ్ము పంపిరి. పలు టంకశాలల నాణెములను వట్టము గట్టి మార్చిరి. దివానునకు ముందుగా రొక్క మిచ్చి, దానికిఁ బ్రతిగాఁ దాలూకాల శిస్తుపైఁ దనఖాలు పొందిరి. పంట చెడినను, దివాను మాఱినను తనఖా వసూలు కాకపోవచ్చును. అధికమగు వడ్డికి సమాధాన మేదైన నున్నచో నీ నష్టభయమే.

1814లో విలియం పామర్ హైదరాబాదున నొక కోఠీని స్థాపించెను. ఇతఁడు జనరల్ పామరునకు ముసల్మాను స్త్రీయందు జన్మించి, నిజాము సేనలోఁ గొంతకాల ముద్యోగము చేసినవాఁడు. బంకటీదాసను గుజరాతీ సాహుకారును, సర్ విలియం రంబోల్డును ఇందు భాగస్వాములు. రంబోల్డు భార్య గవర్నరు జనరలగు హేస్టింగ్సు ప్రభువు సంరక్షణమునఁ బెరిగినది. ప్రభుత్వానుమతి లేక యింగ్లీషువారు దేశీయప్రభువుల కప్పీయరాదని 1797 నాఁటి శాసనము. 1816లో నీ కోఠీకి ఆ యనుమతి లభించెను. పేష్కారగు చందూలాలు సైన్యపు జీతములకై దీని నాశ్రయించెను. వడ్డి నూటికి 24, 25 వఱకు నడచెను. 1820లో 60 లక్షల రూపాయల ఋణమునకుఁ గలకత్తా ప్రభుత్వ మంగీకరించెను. ఆ యేఁటనే రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫ్ లెక్కలను శోధించి, అందు నధికభాగము క్రొత్తగా నిచ్చిన రొక్కము కాదనియు, పాత బాకియే క్రొత్త పద్దున కెక్కినదనియు వాదించెను.

ఈ కోఠీ లేకున్న సైన్యమునకు జీతములే చెల్లకుండెడివనియు, ఇతర సాహుకార్ల వడ్డియుఁ దక్కువది కాదనియు దాని పక్షమువా రనిరి. ఈ మాట త్రోసివేయఁదగినది కాదు. కాని కార్వాను సాహుకారునకు వెనుక నే రెసిడెన్సీయు లేదు. పామర్ కోఠీకి రాజప్రాపు కలిగినందున నష్టభయము తగ్గెను. వడ్డి మాత్రము తగ్గలేదు.

ఈ బాకి తీఱిన విధ మాంధ్రులకు ముఖ్యము. 1766, 1768 సంవత్సరముల సంధులచే నుత్తరసర్కారు లీస్టిండియా కంపెనీ వశమయ్యెను. 1788లో గుంటూరును జేరెను. వీనికై కంపెనీవారు నిజామునకు సాలీనా 7 లక్షల రూపాయల పేష్కషు చెల్లింపవలసి యుండెను. 1823లో 1,16,66,666 రూపాయలు నిజాము పేర నొక్కమాఱే చెల్లు వ్రాసి, యా పేష్కషును శాశ్వతముగా రద్దుపఱిచిరి. నూటికి 6 వడ్డి చొప్పున 7 లక్షలు వచ్చుటకుఁ గావలసిన మూలధనము సరిగా నింతియే. ఆ ధనముతోఁ బామర్ కోఠీ బాకి తీర్పఁబడెను. 1824లోఁ గోఠీయే దివాలా యెత్తెను. అందు సొమ్ము దాఁచుకొన్నవారు నష్టపడిరి.

నూటికి 6 వచ్చు నాస్తిని విడిచి 24 వడ్డి గల ఋణమును దీర్చుట లెక్కకు లాభమే. కాని పోయిన యాదాయము మరల రాలేదు. అప్పుచేయు నలవాటు మాత్రము పోలేదు. చందూలాలు 1843లోఁ బదవి వీడునాఁటికి రాజ్యము మరల ఋణముల మునిఁగియే యుండెను. కంటింజెంటు సేన బాకి క్రింద 1853లో బీరారు కంపెనీ పాలనమునకుఁ బోయెను.

పాణిని నిందార్థమునఁ బేర్కొన్నవాఁడు పదింటికిఁ బదునొకండు పుచ్చుకొనువాఁడు. ఈ కోఠీ పదింటికిఁ బండ్రెండున్నర పుచ్చుకొనెను. వసిష్ఠుని మేరను నిలుపఁదగినవా రిద్దఱే: ఒకఁడు రాజు, రెండవది కలకత్తా ప్రభుత్వము. రాజు ఋణగ్రస్తుఁడు, కలకత్తాయం దధికారము ఋణదాతల యాప్తునిది. అందుచేత మేర నిలువలేదు. ఆ లోపమునకు మూల్యముగాఁ జెల్లినది గంజాము మొదలు గుంటూరు వఱకుఁ గల తెలుఁగునేలపైఁ బేష్కషు.