పంచదార పులిసే గది

రండి, లోపలికి వచ్చి తలుపు వెంటనే మూసేయండి. ఇది 1920ల నాటి బ్రూక్లిన్, ఫైజర్ కర్మాగారం. గదంతా వెచ్చగా, చెమ్మగా ఉంది. అటూ ఇటూ అరలు, అరల నిండా లోతులేని వెడల్పాటి పళ్ళేలు, వాటిలో పంచదార నీళ్లు.

దగ్గరికెళ్లి ఒక పళ్ళెంలోకి తొంగిచూడండి. నీళ్ల మీద ముడతలు పడిన తెల్లటి తెట్టు కట్టింది. అది బూజు, ఆస్పర్జిల్లస్ నైజర్. ఉల్లిపాయ పొరల మీద నల్లటి పొడిలా రాలేది దీని జాతిదే. ఇక్కడ దాన్ని పనిగట్టుకుని పెంచుతున్నారు.

పళ్ళేన్ని కదిలించకండి. తెట్టు మునిగితే దానికి గాలి అందదు, పని ఆగిపోతుంది. పైన గాలి వీస్తూనే ఉండాలి, ఎందుకంటే తిన్న పంచదారలో కొంత వేడిగా మారి గదిని మరిగిస్తుంది. పంచదార దండిగా పెట్టి, ఇనుము, మాంగనీసు లాంటి లోహాలను అందకుండా చేస్తే బూజు తన లోపల తయారైన సిట్రిక్ ఆమ్లాన్ని పూర్తిగా వాడుకోలేక బయటికి వదిలేస్తుంది. కింది ద్రవం రోజురోజుకీ పుల్లబడుతుంది. ఆ పులుపులో వేరే క్రిములు చాలావరకు బతకలేవు. దండిగా పంచదార, పులుపు ద్రవం: 1917లో రసాయనవేత్త జేమ్స్ కర్రీ ప్రకటించిన కిటుకు ఇదే. రెండేళ్లకే అది ఈ కర్మాగారానికెక్కింది.

అంతవరకూ ఈ ఆమ్లం ఇటలీ నిమ్మతోటల సొత్తు. రసం పిండి, సున్నంతో గడ్డకట్టించి ఓడల్లో పంపేవారు. మొదటి ప్రపంచ యుద్ధం ఆ దారికి అడ్డం పడింది.

ఇక పక్క గదికి పదండి. వారం, పది రోజులకు తెట్టు తీసేసి ద్రవాన్ని వడగట్టారు. వేడి తొట్టెలో సున్నం కలుపుతున్నారు, చూడండి. తెల్లటి కాల్షియం సిట్రేట్ అడుగుకి దిగుతోంది. దాన్ని కడిగి గంధకామ్లం పోస్తే జిప్సం విడిపోతుంది, ఆమ్లం నీళ్లలో మిగులుతుంది. ఆ నీటిని ఇగరబెడితే పలుకులు. 1784లో స్వీడన్ రసాయనవేత్త షీలే నిమ్మరసంతో చేసిందీ ఇదే. నిమ్మకాయ పోయింది, సున్నం మాత్రం నిలిచింది.

ఇప్పుడు పళ్ళేల చోట ఉక్కు ట్యాంకులొచ్చాయి, పంచదార బదులు మొలాసిస్, మొక్కజొన్న పిండి వాడుతున్నారు. బూజు మారలేదు. మీ కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, కూల్‌డ్రింకుల్లో చాలావాటి పులుపు దాని చలవే.