సుర్ఖీ పోయి బూడిద వచ్చింది

బెజవాడ చుట్టుపక్కల సైట్లలో పనిచేసినన్నాళ్లూ మేస్త్రీల నోట ఒకటే మాట: "ఆ బూడిద సిమెంటు వద్దు సార్, ఓపీసీ తెప్పించండి." ఓపీసీ అంటే బూడిద కలపని మామూలు సిమెంటు, పీపీసీ అంటే బొగ్గు బూడిద (ఫ్లైయాష్) కలిపింది. పీపీసీ బస్తా మీద ఫ్లైయాష్ శాతం అచ్చేసి ఉంటుంది. దాన్ని వేలితో చూపించి కల్తీ అనేవారు. కల్తీ చేసేవాడు శాతం అచ్చేసి మరీ అమ్ముతాడా?

వాళ్ల తాతల కాలంలో సిమెంటు ఎవరికి దొరికింది గనక! ఎద్దులు గానుగ తిప్పితే నలిగిన సున్నం, అందులో కాల్చిన ఇటుకల పొడి. ఆ పొడే సుర్ఖీ. 1945లో పని మొదలైన తుంగభద్ర డ్యాంలో రాళ్లను పట్టి ఉంచింది ఈ సున్నం, సుర్ఖీలే. కాలిన మట్టిలోని సిలికా సున్నంతో కలిస్తే నీళ్లలో కూడా గట్టిపడుతుంది. బొగ్గు బూడిద గుణమూ అదే. బాయిలర్లో బొగ్గు పొడి మండేటప్పుడు అందులోని మట్టి కరిగి, పొగతో పోతూ చల్లారి, కంటికి ఆనని గాజు పూసలవుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే సున్నాన్ని ఆ పూసలు తమలో కలుపుకుంటాయి.

1937లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిస్ బృందం ఈ బూడిద కాంక్రీటు మీద పరిశోధన ప్రచురించింది. 1953లో పూర్తయిన మోంటానాలోని హంగ్రీ హార్స్ డ్యాంలో దాన్ని పెద్దఎత్తున వాడారు. ఆ తర్వాత మన రిహాండ్ డ్యాంలోనూ వాడారు. పొదుపు ఒక్కటే కాదు కారణం. మందపాటి కాంక్రీటు లోపల వేడెక్కి, చల్లారేటప్పుడు పగులుతుంది. సిమెంటు తగ్గితే ఆ వేడి తగ్గుతుంది.

మనకు బూడిద కరువెక్కడిది! మన బొగ్గులో దాదాపు మూడో వంతు అదే. కొత్తగూడెం, రామగుండం, ఇబ్రహీంపట్నం, ఎక్కడ థర్మల్ కేంద్రం వెలిస్తే అక్కడ బూడిద చెరువు. 1999లో కేంద్రం, థర్మల్ కేంద్రాల దగ్గర్లోని ఇటుకల బట్టీలు బూడిద కలపాల్సిందేనని ఉత్తర్వు ఇచ్చింది. సిమెంటు కంపెనీలకు ఇంకొకరు చెప్పే పని లేకపోయింది: కలిపిన బూడిద మేరకు సున్నపురాయి కాల్చే ఖర్చు మిగులుతుంది. పీపీసీలో 15 నుంచి 35 శాతం దాకా కలపొచ్చని ప్రమాణమే ఉంది.

ఒక్క చిక్కు, బూడిద నిదానంగా పనిచేస్తుంది. అందుకే కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456, ఓపీసీకి కనీసం 7 రోజులు తడపమంటే, ఇలాంటి సిమెంటుకు 10 రోజులంటుంది. మూడో రోజుకే తడి గోనె సంచులు ఎత్తేసి, స్లాబు బీటలిచ్చాక బూడిదను తిట్టిన కాంట్రాక్టర్లు బోలెడుమంది. మేస్త్రీతో నా బేరం ఒకటే: "ఓపీసీ అడిగితే ఓపీసీ తెప్పిస్తా. పీపీసీ వస్తే మాత్రం పదో రోజు దాకా నీళ్లు పట్టాలి, అందుకు మనిషిని పెట్టు."